పేరు .318, గుండు .330: తాతయ్య రైఫిల్ రివ్యూ

నమస్తే అండీ. ముందుగా బోల్ట్, అంటే తూటాని లోపలికి తోసే కడ్డీ, తెరిచి చూపిస్తున్నా. తూటా కూర్చునే చాంబర్ ఖాళీ, మ్యాగజైన్ ఖాళీ. లైసెన్స్ నా పేరు మీదే ఉంది. ఇక టెన్షన్ లేకుండా చూడండి.

ఇది వెస్ట్లీ రిచర్డ్స్ .318 రైఫిల్. బర్మింగ్‌హామ్‌లో 1812లో మొదలైన కంపెనీ. ఈ రైఫిల్ కాల్చే .318 తూటాను 1910 ప్రాంతంలో తెచ్చారు. తాతయ్య ఆదిలాబాద్ వైపు కలప కాంట్రాక్టులు చేసే రోజుల్లో కొన్నారు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఇది అడవి మొహం చూడలేదు.

లోపలిది జర్మన్ మౌజర్ 98 రైఫిల్ పద్ధతి. ఇదిగో, ఈ పొడుగాటి కొక్కెం చూడండి. తూటా మ్యాగజైన్‌లోంచి లేవగానే అడుగు అంచు పట్టేసుకుంటుంది, మళ్ళీ బయటికి విసిరేదాకా వదలదు. రైఫిల్‌ని తలకిందులుగా పట్టుకుని డమ్మీ తూటాతో ఆడించి చూశాను, జారి పడలేదు. వందేళ్ళ నాటి పనితనం, బోల్ట్ నెయ్యి మీద నడిచినట్టు నడుస్తుంది. ఈ విషయంలో పదికి పది.

ఒక్క మచ్చ ఉంది, అది నా తప్పే. తాతయ్య తోలు సంచిలోనే పెట్టి ఒక వానాకాలమంతా మర్చిపోయాను. తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది. సంచి తగిలిన చోటల్లా బ్యారెల్ మీద తుప్పు చుక్కలు. దయచేసి తోలు సంచిని గోడకి తగిలించుకోండి, రైఫిల్‌ని అందులో దాచకండి.

ఇప్పుడు అసలు గొడవ, తూటాలు. రేకు డబ్బాలో కైనాక్ కంపెనీ పాత తూటాలు ఏడు మిగిలాయి. వీటిలో మందు పొడి కాదు, కార్డైట్ కడ్డీలు. విప్పి చూస్తే షీర్ ఖుర్మాలో వేసే సేమ్యాలా ఉంటుంది. ప్రైమర్, అంటే తూటా అడుగున మందుని అంటించే చిన్న టోపీ, పాతరకం. కాల్చాక బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది, అది గాలిలో చెమ్మ పీల్చి ఉక్కుని తినేస్తుంది. నూనెకి ఆ ఉప్పు కరగదు. అందుకే పాతవాళ్ళు ముందు వేడినీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవాళ్ళు. తుపాకికి నీళ్ళేంటి అని నానమ్మ తాతయ్యని తిట్టేదట.

కొత్త తూటాలు నింపుకోవచ్చు కదా అంటారా? డాలస్‌లో మా బావ దగ్గర ఇదే క్యాలిబర్ (తూటా కొలత) రైఫిల్ ఉంది, అక్కడ ఇంట్లోనే నింపుకుంటాడు. గ్యారేజీలో తూటాలు నొక్కే ప్రెస్ బిగించి, చొక్కా చేతులు మడిచి, పచ్చడి పెట్టే అత్తయ్యంత శ్రద్ధగా కూర్చుంటాడు. మొదటిసారి ఆయన కూడా బోల్తా పడ్డాడు. పేరు .318 కదా అని .318 అంగుళాల గుండ్లు తెప్పించాడు. అవి పాత జర్మన్ 8 ఎంఎం రైఫిళ్ళవి! దీని గుండు నిజంగా .330. పేరులోని అంకె బ్యారెల్ లోపలి గాడుల మధ్య ఉండే గట్ల నుంచి ఎదురు గట్ల దాకా కొలత, గుండు కొలత కాదు. కేస్, అంటే తూటా ఇత్తడి గుల్ల, దాని మెడలో గుండు పెడితే గజ్జెలా గలగలమంది. వీడియో కాల్‌లో ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ పార్సిల్ డబ్బులు మాత్రం పోయాయి.

కేసులు దొరక్కపోతే .30-06 అనే వేరే తూటా కేసులనే డై అనే అచ్చులో నొక్కి, మెడ వెడల్పు చేసి, పొడవు తగ్గించి వాడతారు. పాత కైనాక్ కేసులకి బెర్డాన్ అనే రకం ప్రైమర్. అడుగున మధ్యలో ఒక్క రంధ్రం ఉండదు, పక్కగా రెండు చిన్నవి ఉంటాయి. మామూలు డైలోని సూదితో పాత ప్రైమర్ ఊడదు, సూదే విరుగుతుంది. ఓపిక లేనివాళ్ళు ఈ క్యాలిబర్ జోలికి పోవద్దని బావ మాట, నాదీ అదే.

హైదరాబాద్‌లో సంగతి వేరు. ఇక్కడ తూటా తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద దానికి వేరే లైసెన్స్ ఉండాలి. ఇంట్లో ప్రెస్ బిగించుకునే పని కాదు. బావ బ్యాగులో వేసుకుని రావచ్చుగా అనేవాళ్ళకి: అనుమతి లేకుండా ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లోనే కేసు. పాతదానికి లైసెన్స్ ఎందుకని ఇంకొందరు అడుగుతారు. పేల్చడానికి పనికొచ్చేదైతే ఎంత పాతదైనా కావాల్సిందే. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, తాతల నాటివి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పోగు చేసే సరదా అక్కడితో సరి. మా నాన్న మూడోది అప్పుడే అప్పగించేశారు.

కాబట్టి రైఫిల్‌గా పదికి తొమ్మిది, ఆ ఒక్కటీ తుప్పుకి. కొనొచ్చా అంటే మాత్రం వద్దంటాను. పనితనం చూడాలనిపిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్ళండి, ఫ్రీగా తుప్పు భయం లేకుండా చూడొచ్చు. ఫ్రీగా అన్నానా, టికెట్ ఉంటుంది లెండి.

ఎలక్షన్ వస్తే దీన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేస్తాను. పోయినసారి రసీదు రాస్తూ అక్కడి సారు, ".318 ఏంటండీ, .315 అని రాయనా?" అన్నారు. వద్దు సార్, ఆ చుక్క తర్వాత అంకె మీదే మా బావ డబ్బులు పోయాయి అన్నాను.