మొదటి సర్ఫింగ్ ట్రిప్‌కి బ్యాగులో ఏం పెట్టాలి? వెలిగామకి మోసుకెళ్ళిన ప్రతి వస్తువుకీ నా రివ్యూ

నమస్తే అండీ. మంచం మీద రెండు కుప్పలున్నాయి, చూడండి. ఎడమ పక్కది నేను శ్రీలంక దాకా మోసుకెళ్ళి, జిప్పు కూడా తీయకుండా మోసుకొచ్చిన సామాను. కుడి పక్కది రోజూ వాడినది. ఏది పెద్దదో మీకే కనిపిస్తోంది కదా. వెళ్ళేటప్పుడు నా బ్యాగు 19 కిలోలు. మళ్ళీ వెళ్తే 7 కిలోల క్యాబిన్ బ్యాగు చాలు. ఇవన్నీ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ ఊరికే పంపలేదు. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు ఊరి గురించి రెండు ముక్కలు. వెలిగామ శ్రీలంక దక్షిణ తీరంలో, గాల్ పట్టణం దాటాక వస్తుంది. సింహళంలో ఆ పేరుకి ఇసుక ఊరు అని అర్థం. పేరుకి తగ్గట్టే అక్కడ అలలు విరిగే చోట కింద ఇసుకే ఉంటుంది. అందుకే నాలాంటి కొత్తవాళ్ళంతా అక్కడే చేరతారు. సీజను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి నైరుతి రుతుపవనాలు ఆ తీరాన్ని కుదిపేస్తాయి. అప్పుడు సర్ఫర్లు తూర్పు తీరంలో అరుగమ్ బేకి మకాం మార్చేస్తారు. నీళ్ళు 27, 28 డిగ్రీలుంటాయి. చల్లటి నీళ్ళలో వేసుకునే రబ్బరు సూటు, అదే వెట్‌సూట్, దాని ఊసే వద్దు.

ఇక మొదటి వస్తువు. ఇది రాష్‌గార్డ్. లైక్రా బట్టతో చేసిన, ఒంటికి అతుక్కునే ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. నేను మొదటి రోజు ఇది వేసుకోలేదు. "కాటన్ టీషర్టు సరిపోతుందిలే" అనుకున్నాను. సర్ఫింగంటే బోర్డు మీద నిలబడి అల మీద సాగడం అనుకుంటాం కానీ, కొత్తవాళ్ళు గంటలో యాభై నిమిషాలు బోర్డు మీద బోర్లా పడుకునే ఉంటారండీ. చేతులతో తెడ్డేసినట్టు నీళ్ళు తోయడం, లేవబోవడం, పడటం, మళ్ళీ బోర్లా పడుకోవడం. తడిసిన కాటన్ బరువెక్కి ముడతలు పడుతుంది. ఆ ముడతకీ బోర్డుకీ మధ్య నా పొట్ట నలిగింది. సాయంత్రం స్నానానికి నీళ్ళు పోసుకుంటే పుండు మీద కారం చల్లినట్టు మండింది. మర్నాడు అలల దగ్గరికి వెళ్ళకుండా ఒడ్డున కూర్చుని తమ్ముడికి చప్పట్లు కొట్టాను.

కాబట్టి రాష్‌గార్డులు రెండు పెట్టుకోండి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. ట్యాగు మీద యూపీఎఫ్ 50 అని ఉందో లేదో చూడండి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే బట్టలోంచి లోపలికి వస్తుందని దానర్థం. కింద నేను ఈత లెగ్గింగ్స్ వేసుకున్నాను. తొడలూ మోకాళ్ళూ బోర్డుకి రాసుకోకుండా కాపాడినవి అవే. అక్కడ బికినీలే వేసుకోవాలేమో అని చాలామంది అమ్మాయిలు అడిగారు. అక్కర్లేదు. పైగా ముడులతో కట్టుకునేవైతే గట్టి అల ఒక్కటి చాలు, ఊడిపోతాయి. అబ్బాయిలకి బోర్డ్‌షార్ట్స్ మంచివి, వెనక జేబుకి ఇనప జిప్పు లేనివి చూసుకోండి. రాష్‌గార్డుకి పదికి తొమ్మిది మార్కులు. ఒక మార్కెందుకు తగ్గించానంటే, తడిసిన లైక్రాని తల మీంచి విప్పడం ఒక కుస్తీ.

రెండోది సన్‌స్క్రీన్. అమ్మ ముందే హెచ్చరించింది, "తిరిగొచ్చేసరికి పెనం అడుగులా అవుతావు" అని. మామూలు సన్‌స్క్రీన్ ఒళ్ళంతా పూసుకెళ్ళాను. చెమటా ఉప్పునీళ్ళూ కలిసి కళ్ళలోకి కారి, అల ఎటునుంచి వస్తోందో కూడా కనపడలేదు. తర్వాత ఈ జింక్ ఆక్సైడ్ స్టిక్ కొన్నాను. ముఖానికి తెల్లగా పట్టేసి పగటివేషగాడిలా కనిపిస్తాను, నిజమే. కానీ కారదు. ఒక చిన్న సంగతి. అమెరికాలో సన్‌స్క్రీన్ మీద వాటర్‌ప్రూఫ్ అని రాయనివ్వరు. నీళ్ళలో 40 నిమిషాలు ఆగుతుందా, 80 నిమిషాలు ఆగుతుందా అన్నది మాత్రమే రాయాలి. అంటే 80 రాసి ఉన్నదైనా గంటన్నర క్లాసు అయ్యేసరికి పోయినట్టే లెక్క. ఇంకొకటి, డబ్బా మీద ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. పగడపు దిబ్బలకి హాని అని హవాయిలో వాటి అమ్మకాలను 2021 నుంచి నిషేధించారు.

ఎండ సంగతి ఎత్తాను కాబట్టి నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. చర్మం పొడిబారుతుందని కొబ్బరినూనె కాళ్ళకీ చేతులకీ పట్టించి వెళ్ళాను. బోర్డు ఎక్కబోతే ఉట్లపండగనాడు నూనె రాసిన స్తంభం ఎక్కినట్టే! మా ట్రైనరు నా కాలు ముట్టుకుని చూసి, నవ్వి, ఇసుక తీసుకుని రుద్దమన్నాడు. కొబ్బరినూనె జుట్టుకే, అదీ జడ వేసుకుని. అరచేతులకి సన్‌స్క్రీన్ కూడా మిగలకుండా తుడుచుకోండి.

ఇప్పుడు ఎడమ కుప్ప. ఇది మైనం, సర్ఫ్ వ్యాక్స్. బోర్డు మీద కాలు జారకుండా రుద్దుతారు. డిస్కౌంటులో వస్తోందని చూడకుండా కొన్నాను. తీరా చూస్తే చల్లని సముద్రాల రకం. వెలిగామ ఎండకి బ్యాగులోనే కరిగి, నా కుర్తీకి అంటుకుంది. ఉష్ణమండలానికి వేరే గట్టి రకం ఉంటుంది. అయినా కొత్తవాళ్ళకిచ్చేది మెత్తటి నురుగు పైపూత ఉన్న ఎనిమిది, తొమ్మిది అడుగుల సాఫ్ట్‌టాప్ బోర్డు. మాకిచ్చినవాటికి మైనం అవసరమే పడలేదు. సున్నా మార్కులు, తప్పు నాదే.

ఇవి రీఫ్ బూట్లు. పగడపు దిబ్బల మీద అలలు విరిగే చోట్లకి పనికొస్తాయి, ఇసుక ఊళ్ళో బరువు. బోర్డు, లీష్ అక్కడే అద్దెకిస్తారు. లీష్ అంటే బోర్డుని కాలికి కట్టుకునే తాడు. కట్టుకునేముందు వెల్క్రో గట్టిగా పడుతోందో, తాడుకి ఎక్కడైనా చీలిక ఉందో చూసుకోండి.

ఇదేమో 2,400 రూపాయల పోంచో, తల మీంచి తొడుక్కునే వదులు అంగీ. ఒడ్డున బట్టలు మార్చుకోవడానికట. తమ్ముడు నాన్న లుంగీ తెచ్చుకున్నాడు. అందులోనే బట్టలు మార్చుకున్నాడు, తుడుచుకున్నాడు, ఇసుక మీద పరుచుకున్నాడు, అరగంటలో ఆరేసుకున్నాడు. మూడో రోజు నుంచి నేనూ అదే వాడాను. లుంగీకి పదికి పది. టర్కీ టవల్ వద్దు, ఆ తేమలో రెండు రోజులైనా ఆరదు. పలచటి నూలు తువ్వాలు పెట్టుకోండి.

మా తమ్ముడికి కళ్ళజోడుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని నీళ్ళలో దిగొద్దని కంటి డాక్టర్లు చెప్తారు, క్రిములు చేరతాయని. వాడు జోడు తీసేసే దిగాడు. ట్రైనరుకి ముందే చెప్పాడు కాబట్టి ఆయన అల రాగానే గట్టిగా కేక వేసేవాడు. జోడు గట్టి డబ్బాలో, ఆ డబ్బా నీళ్ళు చొరబడని ఈ పది లీటర్ల డ్రై బ్యాగులో. ఇంకో జోడు గదిలో ఉండాలి.

నీళ్ళు చొరబడని ఫోను పౌచ్ కొంటే ముందు లోపల టిష్యూ కాగితం పెట్టి, ఇంట్లో బకెట్లో అరగంట ముంచి చూడండి. నా మొదటిదాంట్లోకి అక్కడే నీళ్ళొచ్చేశాయి. ఫోనైతే బతికింది.

మందుల సంచిలో బెటాడిన్, నీళ్ళకి ఊడని బ్యాండేజీలు, ఓఆరెస్ ప్యాకెట్లు, దోమల క్రీము. అక్కడ డెంగీ ఉంటుంది, క్రీము మర్చిపోకండి. కింద ఇసుకే అయినా బోర్డు అడుగున ఉండే రెక్క కోసుకుంటుంది, తమ్ముడి మడమే సాక్ష్యం. ఇంకోటి ఎవరూ చెప్పరు: ముక్కులోకి పోయిన సముద్రం ఎప్పుడో గంటల తర్వాత బయటికొస్తుంది. నేను హోటల్లో అన్నం ప్లేటు మీదికి వంగాను, ధారగా కారింది. జేబురుమాలు దగ్గర పెట్టుకోండి.

ఉంగరాలు, గొలుసులు ఇంట్లోనే వదిలేయండి. ఛార్జరుకి అడాప్టర్ కావాలి, చాలా చోట్ల చదరపు మూడు పిన్నుల సాకెట్లే. క్యాబిన్ బ్యాగుతోనే వెళ్తే ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లోనే పెట్టాలి. స్టిక్ కాబట్టి జింక్‌తో ఆ గొడవ లేదు. ఆవకాయకి మాత్రం ఉంది. అమ్మ కట్టిచ్చిన అరకిలో సీసా కోసమే నేను బ్యాగు చెకిన్ చేశాను. వెలిగామలో సంబల్ అనే కొబ్బరి పచ్చడి రుచి చూశాక, ఆ సీసా మూత కూడా తీయలేదు. ఇదిగో, ఎడమ కుప్పలో అడుగున ఉంది. ఈ సంగతి అమ్మకి చెప్పకండి.