7 ఏళ్లు, 18.2 కోట్ల డాలర్లు: జెయింట్స్ షార్ట్‌స్టాప్ మీద ఒక సీజన్ చూశాక నా రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ముందుగా నా ఎడమ చేతికి ఉన్నది చూడండి. 11.5 అంగుళాల బేస్‌బాల్ ఇన్‌ఫీల్డ్ గ్లోవ్. ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా పంపించి రివ్యూ చేయమన్నారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. దీని మీద పూర్తి వీడియో వచ్చే వారం పెడతాను. ఈరోజు మాత్రం ఈ సైజు గ్లోవ్ వేసుకునే మనిషి గురించి మాట్లాడుకుందాం. రెండు వారాలుగా దీన్ని తొడుక్కుని మా అబ్బాయితో ఆడుతుంటే, ఏడాదిగా మనసులో నలుగుతున్న ప్రశ్న మళ్లీ మళ్లీ పైకి వస్తోంది. 2024 ఆఫ్ సీజన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టుకి షార్ట్‌స్టాప్ కోసం ఏయే దారులున్నాయి? వాటిలో విల్లీ అడామెస్‌ని పట్టుకుని మంచి పనే చేశారా?

అడామెస్ నంబర్లు మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పట్టికలు పెట్టి చదవను. షార్ట్‌స్టాప్‌లో నేను చూసేది ముఖ్యంగా ఒకటుంది, ఈరోజు దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

క్రికెట్ నుంచి ఇటు వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో జాంటీ రోడ్స్ ఉంటే బ్యాటర్‌కి ఆ వైపు కొట్టాలంటే ఎంత టెన్షన్‌గా ఉండేదో గుర్తుందా? ఇక్కడ ఆ పని షార్ట్‌స్టాప్‌ది. కాకపోతే ఆపితే సరిపోదు. ఆపి, తీసి, విసరాలి. ఆ విసిరింది బ్యాటర్ 90 అడుగులు పరిగెత్తేలోపు ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడి గ్లోవ్‌లో పడాలి. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం నుంచి మొత్తం కలిపి నాలుగున్నర సెకన్లు కూడా ఉండవు.

ఇందులో అన్నిటికంటే కష్టమైన బంతి ఏదంటే, థర్డ్ బేస్ వైపు సందులోకి వెళ్లేది. నేను దాన్ని సందు బంతి అంటాను. షార్ట్‌స్టాప్ తన కుడివైపు పరిగెత్తాలి, గ్లోవ్ ఏమో ఎడమ చేతికి ఉంటుంది. కాబట్టి చేతిని ఒంటికి అడ్డంగా చాచి బ్యాక్‌హ్యాండ్‌లో పట్టుకోవాలి. పట్టుకునేసరికి ఒళ్లంతా ఫస్ట్ బేస్‌కి దూరంగా జరిగిపోతూ ఉంటుంది. అక్కడ కుడికాలు నేలలో నాటి, పోతున్న ఒంటిని ఆపి, సుమారు 40 మీటర్లు విసరాలి. 2023 నుంచి షిఫ్ట్ మీద నిబంధన పెట్టాక ఇది ఇంకా ముఖ్యమైంది. సెకండ్ బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండాలి, పిచ్చర్ బంతి వేసేసరికి నలుగురి కాళ్లూ ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల చుట్టూ ఉన్న లోపలి భాగం, హద్దులోనే ఉండాలి. ఇదివరకటిలా బంతి వచ్చే చోటు ముందే లెక్కవేసి ముగ్గుర్ని ఒకే వైపు నిలబెట్టడం కుదరదు. సందును కాపాడేది ఇక కాళ్లూ, భుజమే.

నేను స్వయంగా ప్రయత్నించాను. మొన్న ఆదివారం ఫ్రీమాంట్‌లో పార్కుకి వెళ్లాం. పొద్దున్నే కాబట్టి గడ్డి ఇంకా తడిగా ఉంది. మా వాడు కొడుతున్నాడు, నేను సందులో నిలబడ్డాను. మూడో బంతి బ్యాక్‌హ్యాండ్‌లో సరిగ్గా దొరికింది. ఈ గ్లోవ్‌లో పాకెట్ లోతు తక్కువ, వేళ్ల మధ్య అల్లిక కూడా అడ్డంగా ఒక పట్టీ, నిలువుగా ఒక పట్టీ అంతే. వేళ్లు పెట్టగానే బంతి కుట్లు తగిలాయి, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అంతకుముందు నేను కొనుక్కున్న గ్లోవ్‌కి పాకెట్ బాగా లోతు. బంతి అందులో కూరుకుపోయేది, చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చేది. పైగా ఆరు నెలలకే బొటనవేలి దగ్గర లేసు తెగిపోయింది. సరే, ఇక్కడ బంతి బాగానే తీశాను. విసిరితే రెండుసార్లు నేల తాకి ఫస్ట్ బేస్ దాకా వెళ్లింది. మా వాడు పరిగెత్తి ఉంటే అప్పటికే బేస్ మీద నిలబడి ఉండేవాడు. పట్టుకోవడం సగం పనే అని ఆ రోజు భుజం నొప్పి పుట్టి మరీ చెప్పింది.

ఇప్పుడు బ్రాండన్ క్రాఫోర్డ్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన తెలుగువాళ్లు ఎందరో ఉంటున్న ప్లెజెంటన్‌లో పెరిగిన కుర్రాడు. 2011 నుంచి 2023 దాకా 13 సీజన్లు జెయింట్స్ షార్ట్‌స్టాప్. నాలుగు గోల్డ్ గ్లోవ్‌లు (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు), రెండు వరల్డ్ సిరీస్‌లు (లీగ్ టైటిల్). నేను అమెరికా వచ్చిన కొత్తలో, 2014 అక్టోబర్‌లో, ఒక స్నేహితుడి ఇంట్లో కూర్చుని పిట్స్‌బర్గ్‌లో జరుగుతున్న వైల్డ్ కార్డ్ మ్యాచ్, అంటే ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్, చూశాను. అప్పటికి నాకు రూల్స్ సగం తెలియవు. బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు క్రాఫోర్డ్ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. ప్లేఆఫ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టిన మొట్టమొదటి షార్ట్‌స్టాప్ అతనే. గదిలో అందరూ లేచి అరుస్తుంటే నేనూ అరిచాను. ఈ ఆట నాకు అక్కడే పట్టుకుంది.

కానీ నేను క్రాఫోర్డ్‌ని ప్రేమించింది ఆ హోమ్ రన్ కోసం కాదు, అతను విసిరే తీరు కోసం. సందులో బంతి అందుకున్నాక నిటారుగా లేవడానికి టైమ్ వృథా చేసేవాడు కాదు. వంగిన చోటే, నడుము ఎత్తు నుంచి, పక్కవాటంగా విసిరేసేవాడు. బంతి గీత గీసినట్టు వెళ్లేది. దాన్ని నెమ్మదిగా తిప్పి తిప్పి ఎన్నిసార్లు చూశానో. పాదాలు మాత్రం అస్సలు కంగారు పడేవి కావు.

అంతటివాడు ఏదో ఒకరోజు వెళ్లిపోతాడని క్లబ్‌కి తెలియదా? నా కోపమంతా ఇక్కడే. 2022 డిసెంబర్‌లో కార్లోస్ కొర్రెయాతో 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ప్రెస్ మీట్ జరగాల్సిన రోజే ఆగిపోయింది, మెడికల్ పరీక్షలో కుడికాలి మీద అనుమానం వచ్చింది. అతను మెట్స్ జట్టుతో 31.5 కోట్లకు ఒప్పుకున్నాడు, అక్కడా అదే అనుమానం, చివరికి ట్విన్స్ జట్టుతో 6 ఏళ్లకు 20 కోట్లకు సంతకం చేశాడు. వెనక్కి తగ్గినందుకు జెయింట్స్‌ని నేను తప్పుపట్టను. సందు బంతికి నేలలో నాటాల్సింది ఆ కుడికాలే కదా. కానీ ఆ తర్వాత రెండు చలికాలాలు రెండో ప్లాన్ లేకుండా గడిపేశారు, అది మాత్రం నాకు మింగుడు పడదు. 2024 సీజన్ నిక్ ఆహ్మద్‌తో మొదలుపెట్టారు. ఒకప్పుడు రెండు గోల్డ్ గ్లోవ్‌లు గెలిచినవాడే, గౌరవం ఉంది. జూలైలో అతన్నీ వదిలేశారు. క్రాఫోర్డ్ లాంటివాడు నిలబడిన చోటు ఒక సీజన్ అంతా సత్రంలా మారిపోతే చూస్తూ కూర్చోవడం అభిమానులకు చాలా కష్టమైంది.

ఇక 2024 చలికాలం. జెయింట్స్ మాజీ ఆటగాడు బస్టర్ పోసీ అప్పుడే క్లబ్‌లో బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడయ్యాడు. చేతిలో ఉన్న మొదటి దారి టైలర్ ఫిట్జెరాల్డ్. ఇంట్లో ఉన్నవాడే, జీతం తక్కువ, 2024లో 15 హోమ్ రన్‌లు కొట్టాడు. జూలైలో వరుసగా ఐదు మ్యాచ్‌లలో హోమ్ రన్ కొట్టిన ఆ వారం మా వాడు ఇంటికి రాగానే స్కోరే అడిగేవాడు. కాళ్లలో వేగం చాలా ఉంది. కానీ సందులోంచి విసిరేటప్పుడు నాకు ఊపిరి బిగపట్టినట్టుండేది. అడామెస్ వచ్చాక అతన్ని సెకండ్ బేస్‌కి మార్చారు, 2025 మధ్యలో మైనర్ లీగ్‌కి, అంటే కిందిస్థాయి జట్టుకి, పంపారు. ఒక మంచి వేసవిని చూసి పర్మనెంట్ పోస్టు ఇవ్వకపోవడమే నయమైంది.

మార్కో లూసియానో సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పాలంటే బాధేస్తుంది. 2018లో 26 లక్షల డాలర్లు ఇచ్చి తెచ్చుకున్న కుర్రాడు, ఏళ్ల తరబడి క్రాఫోర్డ్ వారసుడన్నారు. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కి, అక్కణ్ణించి అవుట్‌ఫీల్డ్‌కి జరిపారు. ఆ లెక్కన ఆ దారి ఆఫ్ సీజన్‌కి ముందే మూసుకుపోయింది.

మూడో దారి కిమ్ హా-సంగ్. నిజం చెబుతున్నాను, మొదట్లో నేను కోరుకున్నది ఇతన్నే. పాడ్రెస్ జట్టుకి ఆడుతూ 2023లో యుటిలిటీ విభాగంలో, అంటే పలు స్థానాల్లో ఆడేవాళ్లకిచ్చే, గోల్డ్ గ్లోవ్ గెలిచాడు. అప్పటి మన సెంటర్ ఫీల్డర్ లీ జంగ్-హూకి కొరియాలో పాత టీమ్‌మేట్. అడామెస్‌కి ఇచ్చినదానితో పోలిస్తే చాలా తక్కువకు వచ్చేవాడు. ఆ తర్వాత ఆలోచిస్తే మనసు మారింది. 2024 ఆగస్టులో బేస్‌లోకి వెనక్కి దూకుతూ కుడి భుజం దెబ్బతీసుకున్నాడు, అక్టోబర్‌లో ఆపరేషన్ అయింది. అది విసిరే చెయ్యి. సందు బంతి అంతా ఆ భుజం మీదే నడుస్తుంది. రేస్ జట్టువాళ్లు 2 ఏళ్లకు 2.9 కోట్లు ఇచ్చి తీసుకున్నారు, జూలై దాకా అతను మైదానంలోకి రాలేదు, సెప్టెంబర్‌లో వదిలేస్తే బ్రేవ్స్ జట్టువాళ్లు తీసుకున్నారు. మంచి ఆటగాడు, కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ అప్పటికే ఒక సీజన్ అంతా ఖాళీగా ఉన్న చోటుకి ఇంకో సగం సీజన్ ఖాళీ భరించే ఓపిక మాకు లేదు.

అలా మిగిలింది అడామెస్. మిల్వాకీలో 2024లో 32 హోమ్ రన్‌లు, 112 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు). 7 ఏళ్లకు 18.2 కోట్లు. అప్పటికి జెయింట్స్ చరిత్రలో అంత పెద్ద కాంట్రాక్ట్ ఎవరికీ ఇవ్వలేదు, సంతకం పెట్టించిన పోసీ స్వయంగా తీసుకున్న 16.7 కోట్ల కాంట్రాక్ట్‌నే అది దాటింది.

మొదటి రెండున్నర నెలలు ఎలా గడిచాయో మీకు తెలుసు. బ్యాటింగ్ సగటు, అంటే వెయ్యి ప్రయత్నాలకు ఎన్ని హిట్లన్న లెక్క, 200 చుట్టుపక్కలే తచ్చాడింది. ఒక రాత్రి జెయింట్స్ సొంత మైదానం ఒరాకిల్ పార్క్‌లో నా పక్క సీట్లో ఒక పెద్దాయన ప్రతి స్ట్రైక్‌అవుట్‌కీ టోపీ తీసి మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. నాకూ దిగులుగానే ఉంది. అదే మ్యాచ్‌లో సందులోకి ఒక బంతి గట్టిగా వెళ్లింది. అడామెస్ బ్యాక్‌హ్యాండ్‌లో అందుకుని, గాల్లోకి లేచి విసిరాడు. క్రాఫోర్డ్ పద్ధతి కాదు, ఆ నిశ్శబ్దం లేదు, ఒళ్లంతా పెట్టి విసిరేది. కానీ బంతి నేరుగా వెళ్లింది, అవుట్. పెద్దాయన టోపీ మళ్లీ తలకి పెట్టుకున్నాడు.

పక్కనే థర్డ్ బేస్‌లో మాట్ చాప్‌మన్ ఉండటం కూడా చిన్న విషయం కాదు. ఐదు గోల్డ్ గ్లోవ్‌ల మనిషి, 2024 సెప్టెంబర్‌లోనే 6 ఏళ్లకు 15.1 కోట్లతో అతన్ని కట్టి పెట్టుకున్నారు. చాప్‌మన్ తన ఎడమవైపు ఎంత నేల కాస్తే షార్ట్‌స్టాప్‌కి సందు అంత చిన్నదవుతుంది. ఈ జోడీని ఏళ్ల తరబడి చూడొచ్చన్న ఆలోచనే నాకు సంతోషం.

సీజన్ ముగిసేసరికి అడామెస్ 30 హోమ్ రన్‌లకు చేరాడు. 2004లో బారీ బాండ్స్ తర్వాత జెయింట్స్ తరఫున 30 కొట్టినవాడు ఇతనే. రైట్-సెంటర్‌లో గోడ 415 అడుగుల దూరంలో ఉండి, సముద్రపు గాలి వీచే మైదానంలో అది తేలిక కాదు. సగటు 225 దగ్గరే ఆగింది, అది తక్కువే, ఒప్పుకుంటాను. జట్టు 81 గెలిచి 81 ఓడింది, అదీ తెలుసు. కానీ నా లెక్కలో పెద్ద నంబర్ వేరే ఉంది. 162లో 160 మ్యాచ్‌లు ఆడాడు. క్రాఫోర్డ్ వెళ్లాక మొదటిసారి, సాయంత్రం టీవీ పెట్టేటప్పుడు ఈరోజు షార్ట్‌స్టాప్ ఎవరు అని మా వాడు అడగడం మానేశాడు. అందుకే నా తీర్పు: తీసుకోవాల్సింది ఇతన్నే. ధర ఎక్కువే, అయినా మళ్లీ అదే డిసెంబర్ వస్తే అదే సంతకం పెట్టించమంటాను.

ఒక్క షరతు. ఈ కాంట్రాక్ట్ 2031 దాకా ఉంది, అప్పటికి అడామెస్‌కి 36 నిండుతాయి. అన్నాళ్లూ సందును కాయలేడు, ఏదో ఒక ఏడాది థర్డ్ బేస్‌కి జరగాల్సి వస్తుంది. క్రాఫోర్డ్ విషయంలో క్లబ్ చేసిన పొరపాటు మళ్లీ చేయకూడదు. ఈసారి కొంచెం ధైర్యంగా ఉంది, ఎందుకంటే 2025 జనవరిలో జోసువార్ గొంజాలెజ్ అనే డొమినికన్ కుర్రాణ్ణి 30 లక్షల డాలర్ల దాకా ఇచ్చి తెచ్చుకున్నారు. అప్పటికి 17 ఏళ్లు, షార్ట్‌స్టాప్. మొదటి సీజన్ మైనర్ లీగ్‌లో అట్టడుగు మెట్టైన డొమినికన్ సమ్మర్ లీగ్‌లో ఆడాడు. ఆ కుర్రాడు మైనర్ లీగ్ మెట్లు ఎక్కుతూ క్లబ్ కిందిస్థాయి జట్టయిన సాన్ హొసే జెయింట్స్‌కి వస్తే, అది మా ఇంటి నుంచి అరగంట దారి. మా వాడు ఇప్పుడే చెప్పాడు, థర్డ్ బేస్ వైపు సీట్లే కొనాలట. సందు అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది నాన్నా అన్నాడు.