తమ్ముడు కోసిన పచ్చికాయలు
(జాతీయ సైన్స్ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. ఫిబ్రవరి 28 కదా, రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. ఒక్క సంగతి చెబుతాను. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన ఆయన నోబెల్ వచ్చాక కూడా ఊరుకోలేదు. పెద్దవయసులో, కన్ను రంగుల్ని ఎలా చూస్తుందనే విషయం మీద కూర్చుని 1968లో పుస్తకం వేశారు. నేను మాట్లాడాలనుకున్నదీ రంగుల గురించే. రంగు చూసేటప్పుడు మెదడు చేసే పనిని ఎలా కొలుస్తారో చెప్పాలని వచ్చాను.

కంటిపటలంలో రంగు పట్టే శంకు కణాలు మూడు రకాలు. ఒకటి దాదాపు 420 నానోమీటర్ల కాంతికి, ఒకటి 530కి, ఇంకొకటి 560కి బాగా స్పందిస్తాయి. ఏ ఒక్క కణమూ సొంతంగా రంగు చెప్పలేదు. ఒకదానికీ ఇంకొకదానికీ ఉన్న తేడాయే మెదడుకు వెళుతుంది. ఎరుపు-ఆకుపచ్చల తేడా ఒకటి, నీలం-పసుపుల తేడా ఒకటి. తేడా అన్న మాట గుర్తుపెట్టుకోండి.

మా తమ్ముడికి అప్పుడు పదేళ్లు. మిరపచేలో పండుకాయలు కోయమంటే పచ్చివి కూడా కోసి గోతంలో వేసేవాడు. "కళ్లు నెత్తికెక్కాయా?" అని నాన్న తిట్టేవారు. నేనూ తిట్టాను. నీకు ఇవి ఎలా కనిపిస్తున్నాయిరా అని ఎవరమూ అడగలేదు. ఇంట్లో అడగలేదు, బళ్లోనూ అడగలేదు.

మూడేళ్లు కష్టపడి చదివి, 23 ఏళ్లకు రైలింజన్ నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. మెడికల్‌లో రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన చుక్కల పుస్తకం తెరిచారు. రెండో పేజీలో మామూలు చూపుకి 8 కనిపిస్తుంది. వాడికి 3 కనిపించింది. అంతే, సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు.

ఆ పరీక్షను నేను తప్పుపట్టను. సిగ్నల్ రంగు తెలిసి తీరాలి. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాక, హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగురంగుల ఊలు దారాలతో రైల్వే సిబ్బందిని పరీక్షించాడు. నా బాధంతా పదేళ్లప్పుడు తెలియాల్సింది 23 ఏళ్లకు తెలిసిందనే. పైగా ఎరుపు-ఆకుపచ్చల తేడా సరిగా తెలియకపోవడానికి కారణమయ్యే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయనీ, మగపిల్లాడికి తల్లి నుంచే వస్తాయనీ ఎవరో చెబితే అమ్మ ఎన్ని రోజులు ఏడ్చిందో! అమ్మల్లారా, ఇందులో మీ తప్పేమీ లేదు. ఇంకోసారి చెబుతున్నాను, మీ తప్పు లేదు.

మెదడు సంగతికి వస్తాను. 1888లో వెర్రే అనే స్విట్జర్లాండ్ కంటి డాక్టరు ఒకామె గురించి రాశాడు. మెదడుకి స్ట్రోక్ వచ్చాక ఆమెకు కుడివైపు చూపులో రంగులు పోయాయి. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ సగంలో, వెనక అడుగుభాగం పాడైంది. ఇప్పుడు అందాకా ఆగక్కర్లేదు. మనిషిని ఎఫ్ఎమ్ఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి రంగులు చూపిస్తే, మెదడులో ఏ భాగం రక్తంలో ఆక్సిజన్ మారుతోందో తెలుస్తుంది. ఆ మార్పుని బట్టి అక్కడి నాడీకణాలు ఎంత పనిచేస్తున్నాయో అంచనా వేస్తారు.

2021లో వచ్చిన ఒక పరిశోధన చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎరుపు-ఆకుపచ్చల తేడా బలహీనంగా అందేవాళ్లను స్కాన్ చేశారు. కంటి సంకేతం ముందుగా చేరే వీ1 భాగంలో స్పందన తక్కువగానే ఉంది. దాని తర్వాతి వీ2, వీ3 భాగాల్లో మాత్రం మామూలు చూపున్నవాళ్లకు దాదాపు సమానంగా ఉంది! అందిన కాస్త తేడానే మెదడు పెంచుకుంటోందన్నమాట. మావాడిదీ ఆ రకం చూపేనని తర్వాత ఒక డాక్టరు చెప్పారు. మేం చేలో నిలబడి తిడుతున్నప్పుడు, వాడి తలలో ఈ పని జరుగుతూనే ఉండి ఉంటుంది.

హెడ్మాస్టర్ గారూ, చుక్కల పుస్తకం తెచ్చాను. కిటికీ పక్కన, పగటి వెలుతురులో పెట్టాను. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు చాలు. ముందు చిన్న తరగతుల వాళ్లను పంపండి. మొదటి పేజీలో 12 అందరికీ కనిపిస్తుంది. రెండో పేజీలో ఎవరైనా 3 అంటే, పిల్లలూ, దయచేసి నవ్వకండి. ఆ బిడ్డను నా దగ్గరికి తీసుకురండి. చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను.