రిఫ్రెష్ కొట్టినంత మాత్రాన ఉద్యోగం నిలబడదు

అందరికీ నమస్కారం. మొన్న బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా కంపెనీలో లేఆఫ్స్ అంటున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఎవరిని కదిపినా నీ చేతిలో ఉన్నది చూసుకో అంటారు, అసలు నా చేతిలో ఏముందన్నా?"

మంచి ప్రశ్నే అడిగాడు. ఆ సలహా ఇచ్చేవాళ్లు చాలామంది అక్కడితో ఆపేస్తారు మరి. పగలు వింటే బాగానే ఉంటుంది కానీ రాత్రి రెండింటికి దేనికీ పనికిరాదు.

ముందు ఒకటి ఒప్పుకుందాం. టెన్షన్ పడకుండా ఉండటం కూడా నీ చేతిలో లేదు. గుండె దడదడలాడుతుంటే ఆగమంటే ఆగుతుందా? దాదాపు రెండు వేల ఏళ్ల కిందట, బానిస బతుకులోంచి బయటపడి గురువైన ఎపిక్టెటస్ అనే గ్రీకు తత్వవేత్త మనవి ఏవి, మనవి కానివి ఏవి అని విడగొట్టి చెప్పాడు. మనవి కాని వాటిలో ఒంటిని, ఆస్తిని, పేరుని, చివరికి పదవిని కూడా వేసేశాడు. మనం చేసే పని మాత్రం మనదే అన్నాడు. అంటే ఆ ఉద్యోగం ఆయన లెక్కలో అప్పుడే నీది కాదు తమ్ముడూ!

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనకి చేతిలో ఉన్నట్టు అనిపించేవి కొన్ని ఉంటాయి. ఆఫీస్ మెయిల్ మళ్ళీ మళ్ళీ తెరవడం, వాట్సాప్ గ్రూపులో "ఏ టీమ్ అంట?" అని అడగడం, మేనేజర్ 'ఓకే' పక్కన చుక్క పెట్టాడు, ఎందుకు పెట్టాడు అని బుర్ర బద్దలు కొట్టుకోవడం. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బస్సులో ఇరుక్కుని మ్యాప్‌లో ఎర్ర గీతని పెద్దది చేసి చూస్తుంటాం కదా, ఇదీ అంతే. చూసిన ఆ నిమిషం కాస్త ఊరటగా ఉంటుంది, అందుకే మళ్ళీ చూడాలనిపిస్తుంది, అలవాటైపోతుంది.

దీనికి 1983లోనే బోర్కోవెక్ అనే సైకాలజిస్ట్, ఆయన బృందం ఒక పద్ధతి పరీక్షించారు. దిగులు పడటానికి రోజూ ఒకే చోట, ఒకే టైముకి అరగంట పెట్టుకోవాలి. మిగతా టైములో దిగులు మొదలైతే సాయంత్రానికి వాయిదా వేసి చేతిలో పని చూసుకోవాలి. వినడానికి నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ మనసుని "ఆలోచించకు" అంటే మొండికేస్తుంది, "ఏడింటికి చూద్దాంలే" అంటే కొంచెం వింటుంది. ఆ అరగంట పడుకునే ముందు మాత్రం వద్దు.

ఆ అరగంటలో ఒక కాగితం తీసుకో. "ఉద్యోగం పోతే?" అని రాసి, దాని కింద ఈ వారంలో చేయగలిగినవే రాయి. ఉదాహరణకి మన తెలుగువాళ్లకి ఇంటిపేరు గొడవ ఒకటుంది: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, తీరా డబ్బులు కావాల్సినప్పుడు క్లెయిమ్ ఆగిపోతుంది. ఉద్యోగంలో ఉండగానే హెచ్ఆర్‌ని పట్టుకుని సరిచేయించుకో. అలాగే అమ్మానాన్నలు మీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారా? ఉద్యోగంతో పాటు మామూలుగా అదీ ఆగిపోతుంది, కాబట్టి వాళ్లకి వేరే పాలసీ ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కో. ఇల్లు మారే ఆలోచన ఉంటే, బెంగళూరులో అద్దె ఇంటి అడ్వాన్సులు ఎంత పెద్దవో తెలిసిందే, చేతిలో ఉన్న నగదు ఓనర్ చేతిలో పెట్టేముందు ఒకసారి ఆగు. రెజ్యూమే సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేస్తే ఉద్యోగం ఉంటుందా అంటే, ఉండకపోవచ్చు కూడా. ఆ గ్యారంటీ అమ్మేవాళ్లని నమ్మకు.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. కానీ అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అంటే గొంతు పట్టేస్తోందంటే, కనీసం రూమ్మేట్‌కైనా చెప్పు.

వారాల తరబడి నిద్ర లేక, తిండి సయించక, ఆఫీస్ గేటు చూస్తేనే ఊపిరాడనట్టుంటే ఈ కాగితాలూ అరగంటలూ సరిపోవు, డాక్టర్‌ని కలవాల్సిందే. బెంగళూరు హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.