కప్పు కారితేనే లాభం: పశ్చిమ బెర్లిన్ ఖాళీ ఇళ్ల కథ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కబ్జాదారు అనగానే మన కళ్లముందు మెదిలేది రాత్రికి రాత్రి ప్రహరీ కట్టి బోర్డు పాతేసేవాడు. 1980 నాటి పశ్చిమ బెర్లిన్‌లో కబ్జాదారులు కిటికీ అద్దాలు, సిమెంటు బస్తాలు మోసుకొచ్చి, పాడుపడ్డ ఇళ్లలో దూరి మరమ్మతులు మొదలుపెట్టారు. వద్దన్నవాళ్లు ఇళ్ల యజమానులే. ఎందుకో చూద్దాం.

క్రొయిట్స్‌బెర్గ్ అనే పేట బెర్లిన్ గోడను ఆనుకుని ఉండేది. అక్కడివన్నీ పంతొమ్మిదో శతాబ్దపు అద్దె వాటాలు. వీధివైపు అయిదంతస్తుల ఇల్లు, వెనక చిన్న పెరడు, దాని వెనక ఇంకో ఇల్లు, మళ్లీ పెరడు. ఆ పెరడు ఎటుచూసినా 5.34 మీటర్లుంటే చాలని 1853 నాటి నిబంధన. గాలీ వెలుతురూ చూసి పెట్టిన కొలత కాదది, మంటలార్పే బండి తిరగడానికి సరిపోయే చోటు! ఇంట్లో బొగ్గు పొయ్యి, మెట్ల మలుపులో నాలుగిళ్లవాళ్లకు కలిపి ఒక మరుగుదొడ్డి.

ఇలాంటి పేటల్ని నేలమట్టం చేసి కొత్తవి కట్టాలని 1963లో నగరపాలకులు పథకం వేశారు. నిర్మాణ సంస్థలు సర్కారు సొమ్ముతో పాత ఇళ్లు కొని, జనాన్ని ఖాళీ చేయించి, కూల్చి కట్టేవి. కొత్త కట్టడానికి సబ్సిడీ, పెట్టుబడిదారుకు పన్ను రాయితీ. పాత ఇంటికి మాత్రం చట్టం కట్టిపడేసిన అద్దే దక్కేది. ఇక కప్పు కారుతుంటే బాగుచేయించేదెవరు? కారి కారి ఇల్లు నివాసయోగ్యం కాదని రాయించుకుంటే కూల్చివేతకు దారి సుగమం. ఈలోగా టర్కీ నుంచి వచ్చిన కార్మికులకు కొద్దికాలపు ఒప్పందాలమీద అద్దెకిచ్చేవాళ్లు. ఒకపక్క ఇళ్లకోసం జనం క్యూలు, మరోపక్క వేల వాటాలు ఖాళీ.

అద్దె నియంత్రణే కొంప ముంచిందని అప్పుడే చప్పట్లు కొట్టకండి. నియంత్రణ ఒక్కటే అయితే యజమాని సణుక్కుంటూనైనా అద్దె పుచ్చుకునేవాడు. కూలిస్తే ఖజానా డబ్బిస్తుంది కనుకనే ఖాళీ చేయించాడు.

1980 డిసెంబరు 12న ఒక ఇంట్లోకి వెళ్లబోయినవాళ్లను పోలీసులు అడ్డుకున్నారు. ఆ రాత్రంతా వీధిపోరాటం. మరుసటి నెలలోనే గార్‌స్కీ అనే బిల్డరుకు నగరం హామీ ఉండి ఇప్పించిన కోట్ల జర్మన్ మార్కుల రుణాలు మునిగిన వ్యవహారంలో మేయర్ ష్టోబె రాజీనామా చేశాడు. బిల్డర్లకు అన్ని కోట్లు, మాకు లాఠీలా అని జనం అడిగారు. 1981 వేసవికల్లా ఆక్రమించిన ఇళ్లు 160 దాటాయి. సెప్టెంబరు 22న ఎనిమిది ఇళ్లను ఖాళీ చేయించిన రోజు, పోలీసులు తరుముతుంటే పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు బస్సు కిందపడి చనిపోయాడు.

1984 నాటికి కొన్ని ఇళ్లలో చేరినవాళ్లకు చట్టబద్ధంగా ఉండేందుకు ఒప్పందాలు దక్కాయి, కొన్నింటిని ఖాళీ చేయించారు. హార్ట్-వాల్టర్ హేమర్ అనే వాస్తుశిల్పి, ఉన్నవాళ్లను ఉండనిస్తూ, వాళ్లనడిగి, అంచెలంచెలుగా మరమ్మతు చేయాలని పన్నెండు సూత్రాలు రాశాడు. 1983లో నగర శాసనసభ ముందుకు వెళ్లాయవి. కుర్రకారు గోడలకు సున్నం వేస్తూ చేసి చూపించిందే ఆయన కాగితం మీద పెట్టాడని నా అభిప్రాయం.

అలా నిలబడ్డ పేటలోనే ఇవాళ అద్దెలు ఆకాశాన్నంటుతున్నాయి. 2004లో బెర్లిన్ ప్రభుత్వం జీఎస్‌డబ్ల్యూ అనే తన గృహసంస్థను, అరవై వేలకు పైగా ఇళ్లతో సహా, అమెరికా పెట్టుబడి సంస్థలకు అమ్మేసింది. 2021లో పెద్ద కంపెనీల ఇళ్లను ప్రజాపరం చేయాలా అని ప్రజాభిప్రాయం అడిగితే సగానికి మించి అవునన్నారు. ఆ తీర్పుకు ప్రభుత్వం కట్టుబడి తీరాలన్న నియమం మాత్రం లేదు.