సమాధుల తోటలో కొళాయి

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ తొక్కేవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే చిట్కా ఒకటుంది. సీసాలో నీళ్ళు అయిపోతే సమాధుల తోట వెతుక్కో అంటారు. మొదటిసారి విన్నప్పుడు నన్ను ఆటపట్టిస్తున్నారు అనుకున్నాను. నిజమే చెప్పారు. ఎంత చిన్న ఊళ్ళోనైనా చర్చి పక్కనో ఊరి చివరో గోడ కట్టిన సమాధుల తోట ఉంటుంది. పూలకుండీలకి పోసుకోడానికి లోపల కొళాయి ఉంటుంది. చాలా చోట్ల అది ఊరి మంచినీళ్ళ లైనే. ‘నాన్ పొతాబ్ల్’ అని బోర్డు కనిపిస్తే మాత్రం తాగకూడదు, తాగే నీళ్ళు కావని అర్థం. ఆ రాత్రి ఫోన్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ, “సరే, గదిలోకి వెళ్ళేముందు స్నానం చెయ్యండి” అంది.

మీలో చాలామంది బ్రెవేలు, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సవారీలు, చేసేవాళ్ళున్నారు. 200, 300, 400, 600 కిలోమీటర్లవి పూర్తిచేసి, నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ మీద కన్నేసినవాళ్ళూ ఉన్నారు. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళొచ్చారు, వాళ్ళకి దణ్ణం. నేను ఆ బాపతు కాదు. నాకు 61 ఏళ్ళు, కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. రోజుకి యాభై కిలోమీటర్లు తొక్కుతాను, ఎండ ముదిరితే నలభై. అందులోనూ సగం సేపు ఆగే ఉంటాను. కాబట్టి టైమింగుల గురించి నన్నేమీ అడక్కండి.

2024 వసంతంలో తొమ్మిది రోజులు బర్గండీ అనే ప్రాంతం దక్షిణ భాగంలో తిరిగాను. సోన్ నది ఒడ్డున ఉన్న షాలోన్ దగ్గర మొదలుపెట్టి క్లూనీ, అక్కణ్ణుంచి తూర్నూ. మ్యాపులో చూస్తే అరచేయంత చోటు. అక్కడ నన్ను పట్టుకున్నది ఒకే ప్రశ్న. ఈ రోడ్లు ఇంత బాగున్నాయి, మరి ఇంత ఖాళీగా ఎందుకున్నాయి?

గుంత లేని తారు రోడ్డు. రెండు పక్కలా ముళ్ళ కంచె, దాని వెనక షారొలే జాతి తెల్లావులు. అరగంటకి ఒక కారు వస్తుంది. వచ్చినా దాటేటప్పుడు ఊరి బయట మీటరున్నర దూరం వదలాలని చట్టం. చాలామంది నిజంగానే వదులుతారు. కావాలంటే అవతలి వరసలోకి పూర్తిగా వెళ్ళిపోతారు, అడ్డు లేకపోతే తెల్లగీత దాటి మరీ. మొదటి రెండు రోజులు నాకు అలవాటు తప్పింది. వెనకాల హారన్ వినపడకపోతే ఏదో తప్పు జరుగుతోందని టెన్షన్.

ఫ్రాన్సులో రోడ్లన్నీ కలిపితే సుమారు 11 లక్షల కిలోమీటర్లు. మోటార్‌వేలూ జాతీయ రహదారులూ కలిపి అందులో నూటికి రెండు. మిగతావన్నీ జిల్లావి, ఊళ్ళవి. జిల్లా రోడ్డుకి నంబరు ముందు డి అక్షరం ఉంటుంది, మైలురాయికి పసుపు టోపీ ఉంటుంది. పల్లెల్లో సైకిలుకి పనికొచ్చేది ఆ పసుపు టోపీయే. కాగితం మ్యాపు కొనుక్కుంటే ఇంకా సులువు. ఎర్రగా గీసినవి వదిలెయ్యండి, తెల్లగా సన్నగా ఉన్నవి పట్టుకోండి.

ఇన్ని చిన్న రోడ్లు ఎలా వచ్చాయంటే, దాని వెనక 1836 మే 21 నాటి చట్టం ఒకటుంది. ఊరికీ ఊరికీ మధ్య బండిబాటలు బాగుచేసే పూచీని అది ఊళ్ళ మీదే పెట్టింది. డబ్బు చాలకపోతే ఊళ్ళోవాళ్ళు ఏడాదికి మూడు రోజుల దాకా పని చెయ్యాలి. బండీ, దాన్ని లాగే పశువులూ ఉంటే వాటినీ పంపాలి. కుదరకపోతే దానికి సరిపడా డబ్బు కట్టాలి. వెట్టి అని తిట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. కానీ రోడ్లు పడ్డాయి. ధాన్యం, పాలు, ద్రాక్షసారా పీపాలు, బడికెళ్ళే పిల్లలు, అన్నీ ఆ రోడ్ల మీదే.

తర్వాత మనుషులు వెళ్ళిపోయారు. కొందరు ఫ్యాక్టరీలకి, పట్నాలకి. కొందరు యుద్ధానికి. ప్రతి ఊళ్ళోనూ చర్చి ముందో పంచాయతీ ఆఫీసు ముందో ఒక రాతి స్తంభం ఉంటుంది. 1914-1918లో చనిపోయిన ఊరివాళ్ళ పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ అంకె నేను ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. రాసి తుడిచేశాను. ఇప్పుడు జనాభా ఎనభై మంది కూడా ఉండరేమో అనిపించే ఒక ఊళ్ళో, సీసాలో నీళ్ళు పట్టుకుని ఆ స్తంభం దగ్గర కూచుని పేర్లు లెక్కపెడితే ఇరవై రెండు వచ్చాయి. ఒకే ఇంటిపేరు మూడుసార్లు.

వాళ్ళ జాగ్రఫీ పాఠాల్లో ‘ఖాళీ వికర్ణం’ అనే మాట ఉంది. దేశపటం మీద ఈశాన్యాన మ్యూజ్ నుంచి నైరుతిన లాండ్ దాకా ఏటవాలుగా గీత గీస్తే, ఆ గీత పొడుగునా జనం పలచబడిపోయారు. నేను తిరిగిన చోటు అంత ఖాళీ కాదు, ద్రాక్షతోటల వల్ల కొంత నయం. అయినా ఆ నీడ తెలుస్తుంది. మనం ప్రశాంతత అని ఆనందంగా ఫొటో తీసుకునేది ఒక్కోసారి మూతపడ్డ బడి, మూతపడ్డ రొట్టెల కొట్టు.

కొట్టు అంటే గుర్తొచ్చింది. మూడోరోజు సోమవారం. ఫ్రాన్స్ పల్లెల్లో సోమవారం చాలా కొట్లు తెరవరు. మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం పన్నెండైతే తలుపులు వేసుకుంటారు, రెండు దాటితేగానీ తీయరు. నాకిది తెలుసు. పుస్తకంలో రాసుకున్నాను కూడా. అయినా బ్యాగులో ఒక్క అరటిపండుతో బయల్దేరాను. మూడు ఊళ్ళు దాటాక ఒంటిగంటకి కళ్ళు తిరగడం మొదలైంది. నాలుగో ఊళ్ళో బస్ స్టాపు పక్కన ఎర్రటి బీరువా ఒకటి కనిపించింది. నాణెం వేస్తే రొట్టె ఇచ్చే మెషిన్. వేశాను. గోరువెచ్చటి బారు రొట్టె ఒకటి బయటికి జారింది. అందులో ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి చల్లుకుని తిన్నాను. రుచి ఎలా ఉందని అడిగితే చెప్పలేను, ఆకలి రుచెరగదు కదా. తిన్నాక తీరిగ్గా చూస్తే ఎదురుగా పాత కొట్టు, అద్దాల మీద రొట్టెల బొమ్మ, లోపల దుమ్ము. ఆ కొట్టు మూసేశారు కాబట్టే ఈ మెషిన్.

ఇంకోటి కూడా చూశాను. కొన్ని ఊళ్ళలో ఊరిపేరు బోర్డులు తలకిందులుగా ఉన్నాయి. ముందు ఆకతాయి పని అనుకున్నాను. అది రైతుల నిరసన. 2023 చివర్లో దక్షిణాన తార్న్ జిల్లాలో యువ రైతులు మొదలుపెడితే దేశమంతా పాకింది. ఈ దేశం తల మీద నడుస్తోంది అని చెప్పడం. తల పక్కకి వంచి ఊరి పేరు చదువుకుంటూ వెళ్ళాను. ఏమాటకామాటే, మెడకి మంచి వ్యాయామం.

షాలోన్ దగ్గర జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు అసలు కార్లే లేని దారి. పాత రైలు కట్ట మీద తారు పోసి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఇచ్చేశారు. 1997లో తెరిచారు, ఆ దేశంలో ఈ రకం ‘పచ్చదారు’ల్లో మొదటిది ఇదే. రైలు కట్ట కాబట్టి ఎక్కుడు తెలియదు. స్టేషన్లు ఇళ్ళయిపోయాయి, ప్లాట్‌ఫారం మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. మధ్యలో సాంజాంగూ-ల-నస్యొనాల్ అనే ఊరు వస్తుంది. విప్లవానికి ముందు దాని పేరు చివర ‘రాజుగారిది’ అని ఉండేది. తర్వాతి కాలంలో ‘జాతిది’ అని మార్చారు.

క్లూనీ సంగతి కొంచెం ఎక్కువ చెబుతాను. 910లో పెట్టిన మఠం. 1088లో మొదలుపెట్టి కట్టిన మూడో చర్చి పొడవు 187 మీటర్లు. రోములో సెయింట్ పీటర్స్ ఇప్పుడున్న రూపంలో కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అంత పెద్ద చర్చి లేదు. ఇది విని వెళ్ళిన నేను ఊళ్ళో సైకిల్ దిగి చర్చి ఎక్కడ అని అడిగాను. “మీరు నిలబడింది దాన్లోనే” అన్నారు. విప్లవం తర్వాత 1798లో అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని రాళ్ళ క్వారీలా వాడుకున్నారు. మధ్యలోంచి వీధి వేశారు. పాతికేళ్ళు పగలగొట్టారు. ఇప్పుడు మిగిలింది నూటికి పది వంతులు కూడా లేదు, శిలువ ఆకారపు చర్చికి పక్క చేయి లాంటి భాగం ఒకటి, దాని మీద ఎనిమిది పలకల గంట గోపురం. ఆ మిగిలిన ముక్క కింద నిలబడి తలెత్తితేనే మెడ పట్టేసింది. మిగతాది ఊహించుకోవాలి. ఆ రాళ్ళలో కొన్ని ఊళ్ళో గోడల్లో ఉన్నాయి, కొన్ని గుర్రాలశాలలో ఉన్నాయి.

క్లూనీ నుంచి కార్మతాన్ దాకా మళ్ళీ రైలు కట్టే. అక్కణ్ణుంచి తూర్నూకి డి-14. పాతిక కిలోమీటర్లు అటూ ఇటూగా. నన్నడిగితే తొమ్మిది రోజుల్లో ఇదే గొప్ప రోడ్డు. ముందు షపేజ్ వస్తుంది. గుప్పెడు ఇళ్ళు, వాటి మధ్య 11వ శతాబ్దపు చర్చి, ఊరితో పొంతన లేనంత ఎత్తు గంట గోపురం. తర్వాత ఎక్కుడు మొదలై బ్రాన్సియోన్ కొండ మీదకి పోతుంది. కోట, చిన్న చర్చి, చెక్క స్తంభాల సంత సావడి. సంత లేదు, సావడి ఉంది. కార్లు ఊరి బయటే ఆపాలి. ఎక్కేటప్పుడు ఎదురుగా దిగుతున్న ఒక పెద్దాయన “బోన్ కురాజ్!” అని అరిచాడు. ధైర్యంగా కానివ్వమని. నేను అప్పటికే దిగి నడిపిస్తున్నాను. అయినా అరిచాడు, దానికి సంతోషం.

నాలా దిగి నడిచేవాళ్ళకి కూడా అక్కడ ఒక పెద్దదిక్కు ఉన్నాడు. పోల్ ద వివీ, 1853లో పుట్టాడు, 1930లో పోయాడు. సాంతెత్యెన్‌లో సైకిళ్ళ కొట్టు, సొంత పత్రిక, వెలోసియో అని కలం పేరు. పందెం కోసం కాదు, చూడ్డానికి తొక్కండి అని ఊదరగొట్టినవాడు. గేర్లు ఉండాలని పోట్లాడాడు. టూర్ ద ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ని 1937 దాకా ఒప్పుకోలేదు, ఆయన పోయిన ఏడేళ్ళకి. ఆకలి వెయ్యకముందే తిను, దాహం వెయ్యకముందే తాగు, దారిలో సారా, మాంసం, పొగ వద్దు, గొప్ప కోసం తొక్కకు అని నియమాలు పెట్టాడు. ఆయన శాకాహారి. ఇది తెలిశాక నా కందిపొడి మీద నాకు గౌరవం పెరిగింది. 1936లో కార్మికులకి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం వచ్చినప్పుడు, ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ళ మీద మొగుడూ పెళ్ళాలు ఊళ్ళు చూడ్డానికి బయల్దేరింది కూడా ఇలాంటి రోడ్ల మీదే.

వెళ్ళేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. బోర్డు ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. సందులోంచి ట్రాక్టరు వచ్చినా అంతే, వాడు ఆగడు, ఆగక్కర్లేదు. ఒకసారి నా ముందు చక్రానికి మూరెడు దూరంలోంచి పోయింది. తప్పు నాదే. రెండోది, ఎవరినేమడగాలన్నా ముందు “బోన్‌జూర్” అనాలి. అనకుండా దారి అడిగితే, దారి చెప్పేముందు వాళ్ళే నిదానంగా బోన్‌జూర్ అంటారు. సిగ్గేస్తుంది.

క్లూనీ నుంచి మాకోన్ వైపు వెళ్ళాలంటే బ్వా క్లేర్ అనే పాత రైలు సొరంగం ఉంది, కిలోమీటరున్నర పైనే. చలికాలంలో మూసేస్తారు, లోపల గబ్బిలాలు నిద్రపోతాయని. కాబట్టి తేదీలు చూసుకుని వెళ్ళండి. లోపల మే నెలలో కూడా వణికాను.

లైట్లు తీసేస్తే ఫొటోలు చూద్దాం. ముందే చెబుతున్నాను, సగం కొళాయిల ఫొటోలే.