మంచం పట్టిన మనిషిని ఒత్తిగిలించడం, నొప్పి మందు వేళకు ఇవ్వడం: ఇంట్లో ఉపశమన సేవ

నమస్కారం అండి. ముందు ఈ మంచం చూడండి. గోడకు ఆనించి ఉంది. పడిపోకుండా ఉంటారని మన ఇళ్లలో చాలావరకు ఇలాగే వేస్తాం. కానీ మంచం పట్టిన మనిషికి సేవ చెయ్యాలంటే రెండు వైపులా నిలబడే చోటు కావాలి. అందుకే దీన్ని ఇటు లాగేస్తున్నాను. పడుకున్నది మా చెల్లెలు. మీకు చూపించడానికి ఒళ్లంతా వదిలేసి పడుకోమన్నాను.

నేను నర్సును. క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకోవడం నా పని. పాలియేటివ్ కేర్ అంటారు, ఉపశమన చికిత్స. ఆసుపత్రిలో "ఇంటికి తీసుకెళ్లండి" అన్నాక "ఇక చేసేదేం లేదట" అంటూ ఇంటిల్లిపాదీ కూలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. చేసేది చాలా ఉందండీ. జబ్బు తగ్గకపోయినా నొప్పి తగ్గుతుంది, పుండు పడకుండా ఆపొచ్చు. ఆ రెండే ఇవాళ చూపిస్తాను.

మొదట పుండ్ల సంగతి. ఒకే వైపు గంటల తరబడి పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందదు. ముడ్డిపూస, తుంటి, మడమలు, చీలమండలు, భుజం రెక్కలు, ఈ చోట్లు రోజూ చూడాలి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఇంకా పాడవలేదు, ఆ చోట బరువు పడకుండా చూస్తే సరిపోతుంది. నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు. అందుకని చేతి వెనక వైపు ఆనించి చూడండి. చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగిలితే అదీ గుర్తే.

ఎర్రబడిన చోట రుద్దకండి. రక్తం ఆడుతుందని మర్దనా చేస్తారు, దాంతో లోపలి కండ ఇంకా నలుగుతుంది. స్పిరిట్ పూయకండి, పౌడర్ మెత్తకండి. నడుం కింద గాలి నింపిన రబ్బరు రింగు పెట్టేవాళ్లున్నారు, అదీ వద్దు. రింగు అంచు ఒత్తుకుని మధ్యలో చర్మానికి రక్తం తగ్గుతుంది.

ఇప్పుడు తిప్పడం. నడుం కింద ఈ పాత నూలు చీర చూశారా, నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా పరిచాను. మనిషిని చంకలు పట్టి ఈడిస్తే చర్మం పరుపుకి రాసుకుని ఒలిచినట్టవుతుంది. చీరతో అయితే ఆ బాధ ఉండదు. ముందు మాట చెప్పాలి. "నాన్నా, కుడి వైపుకి తిప్పుతున్నాను" అనండి. మాట్లాడలేని మనిషికైనా, స్పృహ లేదనుకున్న మనిషికైనా చెప్పే చెయ్యి వెయ్యండి.

కుడి వైపుకి తిప్పాలంటే, ముందు ఎడమ పక్కన నిలబడి చీర పట్టుకుని మనిషిని కాస్త నా వైపు జరుపుకుంటున్నాను. లేకపోతే తిరిగాక మంచం అంచుకి వచ్చేస్తారు. ఇప్పుడు కుడి పక్కకి వచ్చాను. కుడి చెయ్యి ఒంటి కింద పడకుండా పక్కకి చాపాను. ఎడమ చెయ్యి ఛాతీ మీదికి, ఎడమ మోకాలు పైకి మడత. నా చేతులు ఒకటి ఆవలి భుజం మీద, ఒకటి ఆవలి తుంటి మీద. మీ నడుం వంచకండి, మోకాళ్లు వంచండి. నెమ్మదిగా... నా వైపుకి. వచ్చేసింది.

పూర్తిగా పక్కకి పడుకోబెట్టి వదిలేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. అందుకని వీపు వెనక దిండు పెట్టి, కొంచెం వెనక్కి వాలనిస్తున్నాను. సుమారు 30 డిగ్రీల వాలు. ఇప్పుడు పిర్ర కండ మీద బరువుంది, ఎముక మీద లేదు. నమ్మకం కోసం ముడ్డిపూస కింద అరచెయ్యి దూర్చి చూడండి, ఒత్తుకోకూడదు. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకోటి, మడమలు గాల్లో ఉండేలా. చివర్న దుప్పటి ముడతలు సాపు చెయ్యండి, చిన్న ముడత కూడా గంటలు గడిస్తే గీరుకుపోతుంది.

రెండు గంటలకోసారి ఇలా మార్చాలి. రాత్రిళ్లు మీకు నిద్ర ఎలా అంటారు. నిజమే. ఎయిర్ బెడ్ ఉండి చర్మం బాగుంటే రాత్రి నాలుగు గంటల వ్యవధి సరిపోవచ్చు, మీ నర్సుని అడిగి పెట్టుకోండి. ఇంట్లో ఒక్క కోడలి మీదే అంతా వదిలెయ్యకండి. కొడుకులూ నేర్చుకోవాలి, ఇందులో రానిదేమీ లేదు.

ఇక నొప్పి. పదికి ఎంత అంటే పెద్దవాళ్లు తికమకపడతారు. నేను "రూపాయికి ఎన్ని అణాల నొప్పి, తాతా?" అని అడుగుతాను. "పన్నెండణాలు" అని వెంటనే చెప్తారు. మందు వేసిన గంటకి మళ్లీ అడిగి, రెండూ చీటీ మీద రాయండి. డాక్టర్‌కి ఆ చీటీ చాలా పనికొస్తుంది.

ఎక్కువ నొప్పికి మార్ఫిన్ మాత్ర రాస్తారు, నల్లమందు నుంచి తీసే మందు ఇది. ఆ పేరు వినగానే అలవాటు పడిపోతారనో, చివరి మందనో భయపడి దాచేస్తారు. నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఈ మాత్ర ఏళ్ల తరబడి దొరకడమే కష్టమైంది. 2014లో సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులకి తెప్పించుకోవడం సులువైంది. ఇంత తర్వాత చేతికొచ్చిన మాత్ర అల్మారాలో ఉండి, మనిషి మూలుగుతూ ఉంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది. అందుకే గడియారం చూసి ఇవ్వాలి, నొప్పి వచ్చాక కాదు. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి రెండింటికి లేపకుండా పదింటి మోతాదు రెట్టింపు రాస్తుంటారు. డాక్టర్ రాసిచ్చిన మందుల చీటీలో ఉన్నట్టే ఇవ్వండి, మీ అంతట మీరు పెంచడం, మానెయ్యడం చెయ్యకండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఈ మందు ఒంట్లో నిలిచిపోతుంది, ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. దీంతో మలబద్ధకం ఖాయం, కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచీ ఇవ్వాలి. మొదట్లో వాంతి వచ్చినట్టుండటం, మగత కొన్నాళ్లలో తగ్గుతాయి. పిలిచినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మాత్రలు తాళం వేసి ఉంచండి, మిగిలితే ఇచ్చినచోటే అప్పగించండి.

తెలంగాణలో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాల నుంచి 'ఆలన' బండి ఇంటికే వస్తుంది. మీ ఆశా కార్యకర్తని అడగండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. ఇంట్లో చూసుకోలేని పరిస్థితి అయితే స్పర్శ్ హాస్పిస్ (ఆఖరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు) వాళ్లు డబ్బు తీసుకోకుండా చేర్చుకుంటారు.

చివరిగా నోటి తడి. ఆఖరి రోజుల్లో తిండి, నీళ్లు తగ్గిపోతాయి. ఆకలితో మాడ్చేస్తున్నామని ఏడుస్తూ బలవంతాన గంజి పోస్తారు. అప్పటికి ఆ శరీరం తిండి అడగదు, పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతే ఉక్కిరిబిక్కిరి అవుతారు. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి, నీళ్లలో ముంచి పిండి, చిగుళ్లూ నాలుకా ఇలా తుడవండి. పెదాలకి కొబ్బరినూనె చుక్క రాయండి. తులసి తీర్థం పొయ్యాలని ఉంటే చెంచాతో పొయ్యకండి. తులసి ఆకుని తీర్థంలో ముంచి, ఆ తడిని పెదాలకి తాకించండి.